నమూనా భార్య

పోయిన వారం మనం సైన్స్ టీచర్‌ని స్కూలు రికార్డు గదిలో, చేతిలో ఒక పాత సర్వీసు పుస్తకంతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. నెల కిందట డ్రాయింగ్ మాస్టారు క్లాసులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. లెక్కల మాస్టారు కాకుండా కాగితాల పనంటే భయపడని మనిషి స్టాఫ్ రూములో ఈమె ఒక్కతే కాబట్టి, ఆయన పీఎఫ్ డబ్బు భార్యకు ఇప్పించే బాధ్యత నెత్తిన వేసుకుంది. తీరా చూస్తే, ఆయన తర్వాత ఆ డబ్బు ఎవరికి చెందాలో రాసే నామినీ గడిలో ఇంకెవరిదో ఆడపేరు ఉంది. పక్క గడిలో చుట్టరికం కూడా స్పష్టంగా రాసి ఉంది: భార్య.

ఆమె పుస్తకం మూసేలోగా స్కూలు గుమాస్తా ఆమె భుజం మీదుగా తొంగిచూడనే చూశాడు.

"ఇదేంటి టీచర్! మాస్టారికి ఇద్దరా?"

"గట్టిగా అనకండి. ఏదో పొరపాటై ఉంటుంది."

"ఇంకు పెన్నుతో రాసి, కింద సంతకం పెట్టిన పొరపాటా?" అన్నాడతను ఉత్సాహం దాచుకోలేక.

రెండో పీరియడ్ బెల్లు కొట్టేసరికి ఆ కబురు స్టాఫ్ రూముకు చేరింది. మధ్యాహ్నానికి స్కూలు వెనక ఉన్న క్వార్టర్స్‌కూ పాకింది. మర్నాడు పొద్దున్నే డ్రాయింగ్ మాస్టారి భార్య వచ్చి, ఆఫీసు ముందు వరండాలో బెంచీ మీద కూర్చుంది. సన్నటి మనిషి. ఒళ్ళో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్లవాడి స్కూలు కార్డు, మరణ ధ్రువపత్రం.

"అక్కా, లోపలికొచ్చి కూర్చోండి," అంది సైన్స్ టీచర్.

"ఇక్కడే బాగుందమ్మా. ఆ పేరెవరిదో చెప్పు."

"ఇంకా తెలియలేదక్కా. ముందు డబ్బు సంగతి చూద్దాం. నెలాఖరులోగా కాగితాలు పై ఆఫీసుకి వెళ్ళకపోతే మళ్ళీ వచ్చే సంవత్సరమే. అవతల క్వార్టర్ ఖాళీ చెయ్యమని నోటీసు కూడా ఇచ్చారు కదా..."

"డబ్బు లేకపోతే ఎలాగో బతుకుతాను. పద్దెనిమిదేళ్ళు కాపురం చేశాను. ఆయన చొక్కాకి గుండీ ఊడితే కుట్టింది నేను. దగ్గొస్తే లేచి నీళ్ళిచ్చింది నేను. నేను ఎవరితో కాపురం చేశానో నాకు తెలియాలి కదమ్మా."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని సైన్స్ టీచర్‌కు అనిపించింది.

ఆ రోజు భోజనాల గంటలో సైన్స్ టీచర్ స్టాఫ్ రూములో తన అన్నం డబ్బా మూత తీసింది. మూత లోపల మడిచిన చీటీ ఉంది. మందుల షాపులో పనిచేసే ఆమె భర్త రోజూ అలా ఏదో ఒకటి పెడతాడు. ఇవాళ్టి చీటీ మీద ‘భోజనానంతరం ఒక నవ్వు, తప్పనిసరి’ అని మందు చీటీ పద్ధతిలో రాసి ఉంది. పెళ్ళై నాలుగు నెలలు. అలాంటి చీటీలన్నీ ఆమె ఒక పాత టీ డబ్బాలో దాచుకుంటోంది. మామూలుగా అయితే ఎవరూ చూడకుండా నవ్వుకునేది. ఇవాళ చీటీ మడిచి బ్యాగులో పెట్టుకుంది, అంతే.

చుట్టూ చూసింది. డబ్బు విషయంలో ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. ఇంగ్లీషు మాస్టారు ఒకటో తారీఖున జీతమంతా బ్యాంకు నుంచి తీసి, లెక్కపెట్టుకుని, సగం మళ్ళీ అదే బ్యాంకులో వేసి వస్తాడు. ఎందుకంటే, కంటితో ఒకసారి చూడకపోతే నమ్మకం కుదరదంటాడు. సంగీతం టీచరమ్మ దగ్గర నాలుగు పాలసీలున్నాయి. నాలుగూ తోటి టీచర్ల భర్తలో బావమరుదులో అంటగట్టినవే. ఏది ఎప్పుడు చేతికొస్తుందో ఆమెకు తెలియదు. డ్రిల్లు మాస్టారిది ఒకటే సిద్ధాంతం: జీతం ప్రభుత్వం ఇస్తుంది, పెన్షన్ ప్రభుత్వం ఇస్తుంది, మధ్యలో మనం తల పగలగొట్టుకోవడం ఎందుకు? కొత్త బడ్జెట్ వచ్చినా, పాత ఫారం మారినా, అందరూ వెళ్ళేది కిటికీ పక్క కుర్చీ దగ్గరికే. అక్కడ లెక్కల మాస్టారు కూర్చుంటాడు. అందరూ ఆయన్ని బ్యాంకు మాస్టారు అంటారు. పన్ను కాగితాలు, లోను కాగితాలు, బదిలీ కాగితాలు, అన్నీ ఆయన నింపితేనే. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. ఆయన వెళ్ళిపోతే తమ గతేమిటని అందరికీ ఇప్పటినుంచే బెంగ.

సైన్స్ టీచర్ గొంతు సవరించుకుంది. "ఒక్క మాట. డ్రాయింగ్ మాస్టారి పుస్తకంలో ఉన్న పేరు చదువుతాను. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. బయట అక్క కూర్చుని ఉంది."

పేరు చదివింది. ఇంటి పేరు రాసి లేదు, ఉత్త పేరే.

సంగీతం టీచరమ్మ ముద్ద నోటి దగ్గరే ఆపింది.

"ఆ పేరు నేనెక్కడో రాశాను," అంది మెల్లగా.

"విన్నారా?"

"వినలేదమ్మాయ్. రాశాను. ఈ చేత్తోనే రాశాను."

చెయ్యి కడుక్కోకుండానే లేచింది. వెనకే సైన్స్ టీచర్, ఆమె వెనక ఇంగ్లీషు మాస్టారు, డ్రిల్లు మాస్టారు. రికార్డు గదిలో బీరువా తెరిచి, దుమ్ము దులిపి, సంగీతం టీచరమ్మ పుస్తకం బయటికి లాగారు. నామినీ గడిలో అదే పేరు. చుట్టరికం: భార్య.

"నాకు భార్యేంటి!" అని సంగీతం టీచరమ్మ గోడకు ఆనుకుంది. "ఇద్దరు పిల్లల తల్లిని!"

ఇంగ్లీషు మాస్టారి పుస్తకం తీశారు. అదే పేరు. డ్రిల్లు మాస్టారిదీ తీశారు. అక్కడా అదే, కాకపోతే చేతిరాత బాగా అధ్వాన్నం. ఈ ముగ్గురూ, పోయిన డ్రాయింగ్ మాస్టారూ ఇరవై రెండేళ్ళ కిందట ఒకే రోజున ఉద్యోగంలో చేరారు.

"మనందరికీ అత్తగారు ఒక్కరేనన్నమాట," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

నెల రోజుల తర్వాత మొదటిసారి అందరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు వరండాలోకి వినబడి ఉంటుందని గుర్తొచ్చి అందరూ ఒక్కసారే ఆపేశారు.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో లెక్కల మాస్టారు నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు తీసి తుడుస్తున్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"అది మా ఆవిడ పేరు," అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా అందరికీ ఆమె లెక్కల మాస్టారి భార్య. ఇంటికి వెళ్ళి ఆమె చేత్తో టీ తాగినవాళ్ళున్నారు. ఆమెకో పేరుంటుందని ఒక్కరికీ తోచలేదు.

"మీరు చేరిన రోజు గుర్తుందా?" అన్నాడాయన, ఎవరి మొహమూ చూడకుండా. "ఫారాలు సాయంత్రంలోగా పంపకపోతే మొదటి జీతం ఆగిపోతుందన్నారు. మీకేమో అందులో ఏ గడిలో ఏం రాయాలో తెలియలేదు. ఏడో తరగతి గదిలో కూర్చోబెట్టి, బోర్డు మీద ఫారం గీసి, నమూనాకి నా వివరాలు నింపి చూపించాను. దీన్ని చూసి మీ మీ వివరాలు రాసుకోండి అన్నాను."

"చూసి రాయండి అన్నారు. అది గుర్తుంది," అన్నాడు ఇంగ్లీషు మాస్టారు.

"మీ మీ వివరాలు అని కూడా అన్నానయ్యా!"

"వెనక బెంచీలో కూర్చున్నాం మాస్టారూ."

అప్పటికి ఎవరికీ పెళ్ళి కాలేదు. ఆ గడిలో ఏం రాయాలో తెలియక, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించేశారు. అలా దించినందుకు పిల్లల్ని రోజూ నిలబెట్టే మనుషులు! పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, జీతాలు పెరిగాయి. ఇన్నేళ్ళలో ఒక్కరూ ఆ పేజీ మళ్ళీ తెరవలేదు.

గుమాస్తా మాత్రం నిబంధనల పుస్తకం తెచ్చి చదివి వినిపించాడు. కథ ఏదైనా, పుస్తకంలో ఉన్న పేరుకే డబ్బు వెళ్తుంది. ఆ పేరు గల మనిషి స్వయంగా వచ్చి, నాకీ డబ్బు అక్కర్లేదు అని ఆఫీసులో సంతకం పెడితేనే అది అసలు భార్యకు చేరుతుంది.

"అదెంత పని! మాస్టారింటి మనిషే కదా," అంది సంగీతం టీచరమ్మ.

"రేపే తీసుకొస్తాను," అన్నాడు లెక్కల మాస్టారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళజోడు మళ్ళీ తీశాడు.

సైన్స్ టీచర్ పరుగున వరండాలోకి వెళ్ళి, బెంచీ మీద కూర్చుని, జరిగిందంతా చెప్పింది. డ్రాయింగ్ మాస్టారి భార్య విన్నది. ఆమె భుజాలు మెల్లగా కిందికి దిగాయి. కళ్ళు తుడుచుకుంది.

"అయితే ఎవరూ లేరన్నమాట."

"ఎవరూ లేరక్కా. బోర్డు చూసి రాశారంతే."

అంతలోనే ఆమె గొంతు మారిపోయింది.

"పెళ్ళయ్యాక ఒక్కసారైనా ఆ పుస్తకం తెరవలేదా ఆయన? నా బొమ్మ గీసినప్పుడు చెవి కొలత తేడా వచ్చిందని మూడుసార్లు చెరిపిన మనిషి! ఇంకో ఆడదే ఉంటే, వెళ్ళి ఆమెతోనైనా పోట్లాడేదాన్ని. ఇప్పుడెవరితో పోట్లాడను? చెప్పు."



మర్నాడు లెక్కల మాస్టారు ఒక్కడే వచ్చాడు. "ఆవిడకి జ్వరం." ఆ తర్వాతి రోజు, "వాళ్ళ అక్కయ్య ఊరెళ్ళింది." మూడో రోజు బెల్లు కొట్టకముందే క్లాసుకు వెళ్ళిపోయి, ఇంటర్వెల్‌కు కూడా స్టాఫ్ రూము ఛాయలకు రాలేదు. నెలాఖరుకు ఇంక రెండే పని దినాలు.

ఆదివారం పొద్దున సైన్స్ టీచర్ ఇంట్లో టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగింది. "నీ పీఎఫ్‌లో నామినీ ఎవరు?"

"మా నాన్న," అన్నాడు భర్త. "నీకో?"

"మా అమ్మ."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. కొత్తగా కొన్న జత కప్పులు, ఒకటి నీలం, ఒకటి పసుపు, బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. మా ఇల్లు అనుకోవడమే ఇంకా సరదాగా ఉన్న రోజులు. అయినా ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆమె చెప్పులు వేసుకుని, లెక్కల మాస్టారి ఇంటికి బయలుదేరింది.

కిటికీ పక్కన కుట్టు మిషను, దాని మీద సగం కుట్టిన స్కూలు యూనిఫారాల గుట్ట. లెక్కల మాస్టారి భార్యకు జ్వరం లేదు. ఆమె ఏ ఊరూ వెళ్ళలేదు.

"మాస్టారు బజారుకెళ్ళారమ్మా. కూర్చో. ఏదైనా పనా?"

"మీతోనే పనండీ. ఆ సంతకం గురించి..."

"ఏ సంతకం?"

ఆయన ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఇక దాచి లాభం లేదు కాబట్టి సైన్స్ టీచర్ మొదటినుంచీ చెప్పుకొచ్చింది. పెద్దావిడ దారం తెంపడం ఆపి వింది. మాట సంగీతం టీచరమ్మ పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఇక ఆపుకోలేకపోయింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"నలుగురికి భార్యనా నేను! ఒక్కరికి వండి పెట్టేసరికే నడుం పడిపోతోంది!"

"పాపం, అక్కకి క్వార్టర్ కూడా ఖాళీ చెయ్యమన్నారండీ. మీరొక్క సంతకం పెడితే..."

"పెడతాను. అయ్యో, ఆమె డబ్బు నాకెందుకమ్మా?" అంటూనే ఆమె ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. వేళ్ళ మీద లెక్కపెట్టింది. "డ్రాయింగ్ మాస్టారు, ఇంగ్లీషు ఆయన, డ్రిల్లు ఆయన, పాటల టీచరు. మరి మా ఆయన పుస్తకంలో?"

"అది మేం తియ్యలేదండీ. మీ పేరే ఉంటుంది కదా."

"ఉంటే ఇంత చిన్న సంగతి ఇన్ని రోజులు నా దగ్గర ఎందుకు దాస్తాడు? ఇంటికొచ్చి చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం."

మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపి ఉంచింది.

"ముప్పై ఏళ్ళుగా నా కుట్టుకూలి కూడా ఆయన చేతికే ఇస్తున్నాను తల్లీ. నీకు తెలియదు, నేను చూసుకుంటాను అంటాడు. ఊరందరి డబ్బూ చూసే మనిషి, నాది చూడడా అనుకున్నాను. రేపు పొద్దున స్కూలుకి వస్తాను. ఆ పుస్తకం చూస్తాను. తర్వాత సంతకం."

"మాస్టారితో చెప్పమంటారా?"

"నువ్వు చెప్పకు. నేనూ చెప్పను."

కాని ఆ రాత్రి ఆమె చీర ఇస్త్రీ చేసుకోవడం చూసి లెక్కల మాస్టారికి సంగతి అర్థమైంది. సోమవారం సైన్స్ టీచర్ అందరికంటే ముందు స్కూలుకు వెళ్ళి, బీరువా తెరిచి, లెక్కల మాస్టారి పుస్తకం తీసింది. ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు. నామినీ గడిలో మొదట వాళ్ళమ్మ పేరు. ఆమె పోయాక, స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టి, కింద కొత్త పేరు రాశాడు. తమ్ముడు. నూటికి నూరు శాతం. మూడేళ్ళ కిందటి తేదీ. పేజీ అంతా వెతికింది. భార్య పేరు ఎక్కడా లేదు. నలుగురి పుస్తకాల్లో ఉన్న పేరు, అసలు ఉండాల్సిన పుస్తకంలోనే లేదు.

వెనక తలుపు చప్పుడైంది.

"చూశావా," అన్నాడు లెక్కల మాస్టారు. రాత్రంతా నిద్రలేని మొహం.

"మాస్టారూ, బోర్డు మీద ఆమె పేరు రాసి, ఇక్కడ..."

"పిల్లలకి అర్థం కావడానికి సులువైన ఉదాహరణ ఇస్తాం కదా, అలా రాశాను అక్కడ. ఆవిడకి డబ్బు సంగతులు తెలియవమ్మా. చేతికి మొత్తం వస్తే ఎవడో ఒకడు మాయమాటలు చెప్పి పట్టుకుపోతాడు. తమ్ముడైతే నెలనెలా ఆవిడకి ఇంత అని ఇస్తాడు. ఆవిడ మంచికే చేశాను."

"ఆమెని అడిగారా?"

"అడిగితే బాధపడుతుంది."

"ఇప్పుడు?"

ఆయన చేతిసంచీలోంచి ఒక ఫారం తీశాడు. నింపేసి ఉంది. నామినీ: భార్య. తేదీ చూసి సైన్స్ టీచర్ ఉలిక్కిపడింది. రెండేళ్ళ కిందటిది.

"మాస్టారూ, ఇది పాత తేదీ."

"ఇవాళ్టి తేదీ వేస్తే, తను వస్తోందని మార్చానని తెలిసిపోదా? పాతదైతే నమ్ముతుంది. నవ్వుతూ సంతకం పెడుతుంది. బయట బెంచీ మీది పిల్లకి డబ్బొస్తుంది. అందరికీ మంచిదే కదా. సాక్షి సంతకం ఒక్కటే తక్కువ." కాగితం అడుగున పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టి ఉంది. "ఇక్కడ."

"నేను ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు. రెండేళ్ళ కిందట నేనీ స్కూల్లోనే లేను!"

ఎవరి కాగితంలోనూ అంకె తప్పు పోనివ్వని మనిషికి ఆ సంగతే తట్టలేదు.

"ఆరు నెలల కిందటిది చేస్తాను. లేదా నీ పేరు కింద తేదీ వెయ్యకు. ఎవరూ చూడరమ్మా. ఈ పుస్తకాలు ఎవరు తెరుస్తారు? ఇరవై రెండేళ్ళలో ఎవరైనా తెరిచారా?"

సర్వీసు పుస్తకంలో దొంగ తేదీకి సాక్షిగా నిలిస్తే ఉద్యోగం పోతుంది. నిలవకపోతే, పెద్దావిడ ఆ పేజీ చూసి, కోపంతోనో దుఃఖంతోనో సంతకం పెట్టకుండా వెనక్కి వెళ్ళిపోవచ్చు. అప్పుడు వరండాలో బెంచీ మీద కూర్చున్న మనిషికి ఇల్లూ లేదు, డబ్బూ లేదు. కాగితాలు వెళ్ళడానికి ఇవాళ, రేపు, అంతే.

"ఆలోచించకమ్మా, టైము లేదు," అని లెక్కల మాస్టారు పెన్ను మూత తీసి, ఫారంతో పాటు ఆమె చేతిలో పెట్టాడు.

వరండాలో అడుగుల చప్పుడు. బెంచీ దగ్గర ఆగింది. డ్రాయింగ్ మాస్టారి భార్య లేచి నిలబడ్డ అలికిడి, ఆ వెంటనే పెద్దావిడ గొంతు:

"నువ్వేనా అమ్మా? ఇన్నాళ్ళూ నీ పేరు ఉండాల్సిన చోట నేనున్నానట. రా, కలిసే లోపలికి వెళ్దాం."

రెండు నీడలు గుమ్మంలో పడ్డాయి. లెక్కల మాస్టారు ఆ ఫారాన్ని లాక్కుని పుస్తకంలోకి తోయబోయాడు, అది సైన్స్ టీచర్ వేళ్ళ మధ్యే ఉండిపోయింది. పుస్తకం ఆమె ఇంకో చేతిలో, ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంది. పెద్దావిడ భర్త వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా సైన్స్ టీచర్ ముందుకొచ్చి పుస్తకం కోసం చెయ్యి చాపింది.

"ఇటివ్వు తల్లీ. ఆ రెండో చేతిలో కాగితం ఏంటి?"